గుడిలో కాపురము



గత కోతల కాలమందు ఒక పల్లె సంఘపు పెద్ద నా యొద్దకు వచ్చెను. ఆయన ముత్తాత గుండ్లకమ్మ నీళ్లలో బాప్తిస్మము పొందినవాడు. ఆయన కుమారుడు అమెరికా దేశమున ఉద్యోగము చేయుచున్నాడు. ఆ పెద్ద తన చేతి ఫోనులో నాకు కొన్ని ఫోటోలు చూపెను. రాతి గోడలు, కోసుగా పైకి లేచిన కిటికీలు, వాటికి రంగుటద్దములు, పైన నల్లని దూలములు. "ఏ ఊరి గుడి ఇది?" అని అడిగితిని.

"గుడే అయ్యగారూ, కాని ఇప్పుడు గుడి కాదు. లోపలంతా గదులు కట్టి, ఇళ్లుగా అమ్ముతున్నారంట. మావాడు అందులో ఒక ఇల్లు కొంటానంటున్నాడు. గృహప్రవేశానికి మీ చేత ప్రార్థన చేయించమన్నాడు. కొనొచ్చా అయ్యగారూ? తప్పు లేదు గదా?" అని ఆయన అడిగెను.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఈలోగా ఆ మాట సంఘములో పొక్కినది. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత వేపచెట్టు క్రింద రెండు పక్షములు ఏర్పడినవి. పెద్దలు, "ప్రభువు బల్ల ఉన్న చోట మంచము వేసుకొని పడుకుంటారా? ఆ ఇంట్లో చేరినవాడు బాగుపడడు" అనిరి. చదువుకొన్న పిల్లలు, "రాయి రాయే గదా. సంఘమంటే జనం గాని గోడలు కావు. మంచి ఇల్లు, మంచి చోటు. కొంటే ఏం?" అనిరి. మూడవ మాట ఒకటి ఉన్నది. దానిని రెండు పక్షములవారును కలిసి అనిరి: "తెల్లవాళ్లలో భక్తి చచ్చిపోయింది. మన దగ్గర అట్లా జరగదు."

చదువరులారా, మొదటి మాటలో భయమున్నది. రెండవ మాటలో కృతఘ్నత ఉన్నది. మూడవ మాటలో నాశనమున్నది. నా జగడము ముఖ్యముగా ఆ మూడవ మాటతోనే. అయినను వరుసగా చెప్పెదను.

మొదట సంగతులు తెలిసికొందము. ఇది ఒక్క నగరపు ముచ్చట కాదు. ఇంగ్లండు సంఘము తనకు అక్కరలేని ఆలయముల విషయమై 1968లో ఒక చట్టము చేసికొనెను. అది 1969లో అమలునకు వచ్చెను. నాటినుండి ఆ ఒక్క సంఘములోనే సుమారు 2,000 ఆలయములు క్రమమైన ఆరాధనకు మూయబడినవి. వాటిలో మిక్కిలి పురాతనమైనవి, శిల్పసౌందర్యము గలవి 300కు పైగా ఒక ధర్మనిధి ఆధీనములో ఉన్నవి. కొన్ని ఇతర క్రైస్తవ శాఖల చేతికి వచ్చి మరల పాటలతో నిండినవి. మిగిలినవాటిలో అనేకము కాపురపు ఇండ్లుగా మారినవి. 1904, 1905 సంవత్సరములలో గొప్ప ఉజ్జీవము రగిలిన వేల్సు దేశమందే, నాడు జనము పట్టక గడపల బయట నిలుచుండి పాడిన ఊళ్లలోనే, ఎన్నో ప్రార్థనామందిరములకు నేడు కిటికీ తెరలు వ్రేలాడుచున్నవి.

ఇట్టి ఇండ్లకు అక్కడ గిరాకీ ఉన్నది. క్రొత్త ఇండ్లన్నియు ఒకే అచ్చులో పోసినట్లుండును గనుక, పాతదియు ప్రత్యేకమైనదియునగు ఇల్లు కావలెనని కొందరు వెదకుదురు. ఆ ఎత్తైన కప్పు క్రింద నడుమ అంతస్తులు వేయుదురు. అప్పుడొక్కొక్కచోట ఒకే కిటికీ రెండిండ్ల పాలగును. రంగుటద్దములోని పరిశుద్ధుని తల పై ఇంటివారి పడకగదిలోను, పాదములు క్రింది ఇంటివారి వంటగదిలోను ఉండును. ఆ రాతిగోడల నడుమ చలికాలమందు వెచ్చదనము నిలుపుటకు ఖర్చు మెండు. పలకరాళ్ల కప్పు కారినను, గోపురము బీటలు వారినను ఆ ఇండ్లవారందరు వంతులు వేసికొని భరింపవలెను. ఇంగ్లండులో చారిత్రక కట్టడముల పట్టికలో చేరినదైతే అనుమతి లేక ఒక కిటికీనైనను మార్చరాదు. చుట్టు సమాధులుండునేని, చనిపోయినవారి బంధువులు పువ్వులు తెచ్చి పెట్టుటకు హక్కుతో రాగలరు. పైకప్పులో గబ్బిలములు కాపురముండునేని వాటిని వెళ్లగొట్టుటకు చట్టము ఒప్పదు. అమ్ముచున్న సంఘము తానే, ఆ చోట ఏమి జరుగరాదో దస్తావేజులో షరతులు వ్రాయించుటయు కద్దు. ఆ కుమారుడు అందమును చూచినవాడే గాని ఈ సంగతులు విచారించినవాడు కాడు. కొనదలచినవాడు మొదట వీటిని విచారింపవలెను.

ఇక పెద్దల భయమునకు జవాబు. సహోదరులారా, మూయబడిన గుడి గోడలలో శాపము దాగియుండదు. మన దేవుడు చేతిపనియైన ఇంటికి బంధింపబడినవాడు కాడని చెప్పినందుకే గదా స్తెఫను రాళ్లదెబ్బలు తినెను? సొలొమోను కట్టిన మందిరమే కూలెను. మరల కట్టబడినదియు క్రీస్తు శకము 70లో రోమీయుల చేత నేలమట్టమాయెను. దేవుడు దానితోకూడ నశింపలేదు. ఆరాధించువారు లేచిపోయిన తరువాత మిగిలినది నీడనిచ్చు కప్పు మాత్రమే. అది కూలి పాములపుట్ట అగుటకంటె, ఒక కుటుంబము అందులో దీపము పెట్టుకొని బ్రదుకుట మేలు కాదా? కొన్నవాడు దొంగ కాడు. కూర్చుండువారు లేని తరువాతనే వాడు వచ్చెను. కనుక ఆ పెద్ద కుమారుని శపించువారు నోరు మూసికొందురు గాక.

అయితే పిల్లలారా, "రాయి రాయే గదా" అన్న మీ మాటకు నేను చెవి ఒగ్గలేను. ఆ రాళ్లు మోసినవాడెవడును ఆ మాట అనడు. మీరును అనవలసినవారు కారు. ఎందుకనగా ఆ రాళ్లకును మీకును బాకీ ఉన్నది. వినుడి.

బోస్టను నగరమున క్లారెండన్ వీధిలో ఒక బాప్టిస్టు ఆలయముండెను. 1869 మొదలుకొని 1895లో ప్రభువునందు నిద్రించువరకు ఏ. జె. గార్డన్ గారు అక్కడ కాపరిగా ఉండిరి. ఆయన అమెరికను బాప్టిస్టు మిషనరీ యూనియను నాయకులలో ఒకరు. ఆ యూనియనే ఒంగోలు, నెల్లూరు ప్రాంతములకు మిషనరీలను పంపి పోషించినది. ఆ క్లారెండన్ వీధి సంఘము మిషను కానుకలకు పేరుపొందిన సంఘము. 1982లో ఆ కట్టడము అగ్నికి ఆహుతి ఆయెను. తరువాత మిగిలిన గోడలను నిలుపుకొని లోపల నివాసగృహములు కట్టిరి. నేడక్కడ ప్రజలు కాపురములుండుచున్నారు.

ఇప్పుడు వెనుకకు చూడుడి. 1853లో ఆ యూనియను వారు ఆల్బనీ నగరమున కూడినప్పుడు, తెలుగు మిషనును మూసివేయుదమా అను ప్రశ్న వచ్చెను. ఏండ్లు గడచినను ఫలము కొద్ది, ఖర్చు మాత్రము ఆగదు. లెక్క చూచువారికి మూయుటయే న్యాయముగా తోచెను. ఆ తర్కములో నెల్లూరు మిషనును ఒంటరి నక్షత్రమని ఒకరు పిలువగా, ఎస్. ఎఫ్. స్మిత్ గారు ఆ రాత్రియే దానిమీద ఒక పద్యము వ్రాసిరి. మిషను నిలిచెను. 1854 జనవరి 1న జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తము ఐదుగురు, ఒంగోలు కొండ ఎక్కి తెల్లవారుజామున ప్రార్థించిరి. 1866లో క్లౌ దొరగారు ఒంగోలులో పని మొదలుపెట్టిరి. 1876 నుండి 1878 వరకు గొప్ప కరువు వచ్చినప్పుడు ఆయన బకింగ్‌హాము కాలువ త్రవ్వు పనిలో కొంత భాగము గుత్తకు తీసికొని మాల మాదిగ కుటుంబములకు కూలి దొరకునట్లు చేసెను. కూటికొరకు మతములో చేరిరన్న మాట రాకుండునట్లు ఆ కాలమంతయు బాప్తిస్మములు ఆపెను. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమందే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీళ్లలో దిగి బాప్తిస్మమిచ్చినవారు మన తెలుగు బోధకులే.

ఆ దినమునకు వెనుక ఏమున్నది? అక్కడి గుడులలో ఆదివారము సంచిలో పడిన చిల్లర ఉన్నది. పాలమ్మిన ముసలమ్మ నాణెము ఉన్నది, మిల్లులో పనిచేసిన పిల్లవాని నాణెము ఉన్నది. వారు మన ఊరి పేరు పలుకలేరు, మన మొగము చూడలేదు. అయినను లెక్కకు న్యాయముగా తోచినదానిని త్రోసివేసి, నలువదియేండ్లు మన కొరకు ఇచ్చిరి. మన తాతలను ఊరి బావి దగ్గరికి రానీయని దినములలో వారిని బడిలో కూర్చుండబెట్టినది ఆ చిల్లరయే. అట్టి గోడలను చూచి, "మంచి కిటికీలు, ఇంటికి అందము" అని మాత్రమే అనువాడు, తల్లి తాళిబొట్టును చూచి బంగారము ఎన్ని గ్రాములని అడుగువానివంటివాడు. తూకము తప్పు కాకపోవచ్చును. అడిగినవాని హృదయమే తప్పు.

గార్డన్ గారు తనకు వచ్చిన ఒక కలను గూర్చి వ్రాసిరి. ఆయన ప్రసంగించుచుండగా ఒక అపరిచితుడు గుడిలోనికి వచ్చి, చోటు కొరకు వెదకి, జనములో కూర్చుండెను. కూటము ముగిసిన తరువాత ఆయన ఎవరని విచారింపగా, యేసు ప్రభువే అని తెలిసెను. అప్పుడు ఆ బోధకునికి వణుకు పుట్టెను. ప్రభువు మన పాటలను గూర్చి, మన కట్టడమును గూర్చి, మన ప్రసంగమును గూర్చి ఏమి తలంచెనో అని ఆయన తన్ను తాను ప్రశ్నించుకొనెను. ఆ కలలోని చోటనే నేడు వంట ఉడుకుచున్నది. చదువరీ, అది చూచి నవ్వకుము. ఆ ప్రశ్నను నీ గుడిలో ఎవరైనను అడిగి ఎంత కాలమైనది?

ఇక్కడనే మూడవ మాట వద్దకు వచ్చితిమి. "మన దగ్గర అట్లా జరగదు." ఎందుకు జరుగదు? యిర్మీయా దినములలో యెరూషలేమువారును ఆ మాటయే అనిరి. మందిరము మాది, మాకేమి భయమనిరి. ప్రవక్త వారిని షిలోహునకు పోయి చూడుడనెను. ఒకప్పుడు మందసమున్న చోటు, అప్పటికి పాడైన చోటు. ఎఫెసునకు వచ్చిన హెచ్చరిక కూడ ఎరుగుదుము. మొదటి ప్రేమ విడిచిన సంఘపు దీపస్తంభము చోటు తప్పునని యోహాను చేత వ్రాయింపబడెను. నేడు ఎఫెసునకు పోవువారు రాళ్ల నడుమ తిరిగి, ఫోటోలు తీసికొని వచ్చుచున్నారు. మనకు అక్కడికి పోవు ఖర్చు అక్కరలేదు. ఆ పెద్ద ఫోనులోనే షిలోహును చూచితిమి.

ఏ గుడియు ఒక్క దినములో ఖాళీ కాదు. మొదట ప్రార్థన కూటము మానుదురు. తరువాత పిల్లల బడికి చెప్పువారుండరు. ఆ పిల్లలు పెద్దవారై పట్నము చేరుదురు. అక్కడ వారే సంఘములో చేరిరో ఇంటివారు అడుగరు. జీతమెంత అని మాత్రము అడుగుదురు. పెండ్లికి, చావుకు, క్రిస్మసుకు గుడి నిండును గనుక అంతయు బాగున్నదని అనుకొందురు. ముప్పది యేండ్లు గడచిన తరువాత పైకప్పు కారుట మొదలగును. బాగుచేయుటకు చేతులుండవు. అప్పుడు కమిటీ కూడి, మూయుదమని తీర్మానించును. లోకులు ఆ తీర్మానపు దినమున గుడి చచ్చినదందురు. కాని అది ముప్పది యేండ్ల క్రిందటనే చచ్చెను.

ఇప్పుడు మన యిల్లు చూచుకొందము. డిసెంబరులో సున్నము కొట్టి, దీపములు వ్రేలాడగట్టి, మిగిలిన నెలలలో వారమునకు ఆరు దినములు తాళము వేయు గుడులు మన మండలములో ఎన్ని? పాస్టరుగారి జీతము మూడు నెలలు బాకీ పెట్టి, గోపురము మీద ఎత్తైన సిలువ కొరకు చందాలు పోగుచేయు సంఘములు ఎన్ని? మిషను కాంపౌండు ప్రహరీని కూల్చి, రోడ్డు ప్రక్కన కొట్లు కట్టి, అద్దె ఎవరి చేతికి పోవుచున్నదో సంఘమునకు తెలియని చోట్లు ఎన్ని? ఆసుపత్రి మూతబడి, హాస్టలు మూతబడి, స్థలము మాత్రము వ్యాజ్యములలో మూతబడక నడుచుచున్న చోట్లు ఎన్ని? నేను ఎవరి పేరును వ్రాయను. ఈ పత్రికను చదువు ప్రతివాడు తన ఊరి పేరు తానే పూరించుకొనగలడు.

వారి గుడులు ఖాళీ అయిన తరువాత అమ్మకమునకు వచ్చినవి. మన స్థలములలో కొన్ని, గుడి నిండియుండగనే అమ్మకమునకు వచ్చుచున్నవి. ఎవరి భక్తి చచ్చినదని చెప్పుదుము?

ఇంకొక సంగతి చెప్పెదను, సిగ్గుపడుదుము గాక. బోస్టను చుట్టుప్రక్కల రోమను కతోలిక అధ్యక్ష మండలమువారు 2004లో అనేక ఆలయములను మూయుదుమని ప్రకటించిరి. సిచువేటు అను ఊరిలో సెయింట్ ఫ్రాన్సిస్ కాబ్రిని ఆలయపు విశ్వాసులు దానికి ఒప్పుకొనక, ఆ సంవత్సరము అక్టోబరులో గుడిలో కూర్చుండిరి. వంతులు వేసికొని పగలును రాత్రియు, ఒక్క గడియయైనను గుడి ఖాళీగా ఉండకుండ కాచిరి. బల్లలమీదనే నిద్రించిరి. కోర్టులలో ఓడి, పైకోర్టుకు పోయి అక్కడను విడుదల దొరకక, 2016 మేలో లేచి వెళ్లిరి. పదునొకండు సంవత్సరములకు మించి! వారి సిద్ధాంతములన్నిటితో మనము ఏకీభవింపకపోవచ్చును. కాని తెల్లవారిలో భక్తి చచ్చినదను పెద్దమనిషీ, నీ గుడిలో నీవు ఒక్క రాత్రి అట్లు మేలుకొంటివా? మన యొద్ద గుడి తాళపుచెవి కొరకు రెండు వర్గములు కొట్టుకొనుచున్నవి. తాళము తీసి లోపల మోకరించువారు మాత్రము కనబడరు.

"అయ్యా, మా సంఘములో జనము పెరుగుచున్నారు గదా" అని ఒకరనవచ్చును. సంతోషమే. 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయమునకు నేటికిని వేలాది జనము వచ్చుచున్నారు. కాని చూడవచ్చినవారు వేరు, కూడవచ్చినవారు వేరు. ఈ భేదము ఆ గొప్ప ఆలయమునకే కాదు, నీ రేకుల కప్పు గుడికిని వర్తించును. తల లెక్కపెట్టి ధైర్యము తెచ్చుకొనకుము. వేల్సువారును లెక్కపెట్టిరి. నీ సంఘములో పదియేండ్ల పిల్లలు ఎందరు వాక్యము చెప్పగలరో లెక్కపెట్టుము. అది మన గుడి ఆయుష్షు.

చివరకు ఆ పెద్దకు నేనిచ్చిన జవాబు చెప్పెదను. మరల వచ్చినప్పుడు ఇట్లంటిని: "కొనుటలో పాపము లేదు పెద్దయ్యా. దస్తావేజు, మరమ్మతు ఖర్చులు, చట్టపు షరతులు బాగా విచారించుకొనుమని చెప్పండి. కాని మీవాడిని మూడు ప్రశ్నలు అడగండి. వాటికి జవాబు వచ్చిన తరువాతనే నేను ప్రార్థన చేస్తాను. మొదటిది, ఆ గుడిని కట్టినవారు ఎవరు, ఎవరి కోసం కానుకలు ఇచ్చారు, గోడ మీద ఎవరి పేర్లున్నాయో చదివాడా? రెండవది, ఆ ఇంటికి పెట్టే ధరలో, వాళ్లు మనకు ఇచ్చినట్టే, తాను ఎన్నడూ చూడని పిల్లల కోసం ఏమైనా తీసి పెట్టాడా? మూడవది, ఆదివారం ఎక్కడ ఆరాధిస్తున్నాడు? ఏ సంఘంలోనూ చేరకుండా గుడిలో కాపురముంటే, ఆ రంగుటద్దాలే రోజూ వాడి మీద సాక్ష్యం చెబుతాయి."

ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, "మూడోది మావాడిని నేనెప్పుడూ అడగలేదు అయ్యగారూ" అనెను. ఇంకను కొంతసేపటికి, "మన గుడి తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఆదివారం తప్ప తియ్యను" అనెను. "అయితే బుధవారం సాయంత్రం తియ్యండి. పిల్లల్ని పిలవండి" అంటిని. ఆ బుధవారము తీసెను. ఏడుగురు పిల్లలు వచ్చిరి. కుమారుడు ఇల్లు కొనెనో లేదో నాకింకను తెలియదు. ప్రశ్నలు మాత్రము పంపబడినవి.

ప్రియులారా, దూరదేశపు గుడిలో ఎవరో వంట చేసికొనుచున్నారని విని ముక్కున వ్రేలు వేసికొనుట సులభము. నీ గుడి చల్లబడుచున్నప్పుడు నీ చేతితో నిప్పు రాజేయుట కష్టము. హగ్గయి ప్రవక్త దినములలో జనులు తమ ఇండ్లకు పలకలు తాపి, దేవుని ఇంటిని పాడుగా విడిచిరి. ఆ మాట మనకును చాలును. ఈ నెలలోనే మీ గుడి తలుపు వారమధ్యమున ఒక్క సాయంత్రమైనను తెరువుడి. మీ పాస్టరుగారి బాకీ తీర్చుడి. మిషను స్థలపు లెక్కలు సంఘము ఎదుట చదివి వినిపింపుమని పెద్దలను అడుగుడి. పట్నమునకు పోయిన మీ కుమారునికి, కుమార్తెకు ఫోను చేసినప్పుడు, జీతము అడుగకమునుపు సంఘమును అడుగుడి.

కన్నులతో చూడని మన కొరకు ఇచ్చిన వారి గోడలు నేడు ఇండ్లయినవి. వారి ఫలము మనము. మనమును ఆరిపోయినయెడల, వారు ఇచ్చినదానికి ఈ భూమిమీద సాక్ష్యమేమి మిగులును? ప్రభువు మన దీపస్తంభమును దాని చోటనే నిలుపును గాక. ఆమేన్.